పెద్ద తెరపై చిన్న యాపు : ట్యాబులయందు తెలుగు పఠనమునకు కలుగు చిక్కులు

వేలూరు, గుడియాత్తము పట్టణములు రెండు భాషలు కలిసికొను నేలలో నున్నవి. 1911వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా ప్రత్యేకముగా ఏర్పడువరకు ఈ పట్టణములును, చిత్తూరు, పలమనేరులును ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. తరువాత జిల్లాలు మారినవి, రాష్ట్రములు మారినవి. ఇండ్లలోని మాట మాత్రము మారలేదు. నేటికిని ఈ ప్రాంతమున తెలుగు మాతృభాషగా గల కుటుంబములు అనేకము కలవు. అయితే ఆ యిండ్ల పిల్లలకు తెలుగు చెవికి వినబడినంతగా కంటికి కనబడదు. అంగడి పలకలు, బస్సుల పేర్లు, గోడలపై ప్రకటనలు తమిళములోనో ఆంగ్లములోనో ఉండును. 2006లో వచ్చిన తమిళ అధ్యయన చట్టము ననుసరించి 2006-07 నుండి 1వ తరగతితో ఆరంభించి, ఏటేటను ఒక్కొక్క తరగతి చొప్పున తమిళము తప్పనిసరి పాఠ్యమైనది. అల్పసంఖ్యాక భాషల విద్యార్థులకు న్యాయస్థానములు కొన్ని సంవత్సరములలో పరీక్ష విషయమున మినహాయింపు లిచ్చినను, తెలుగు చదువుటకు దొరకు గంటలు స్వల్పములే.

ఇట్టి స్థితిలో ఇంట నుండు ట్యాబు ఒక ముఖ్యమైన తెలుగు పుటగా మారినది. 2022 డిసెంబరు 21వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 8వ తరగతి విద్యార్థులకును, వారి ఉపాధ్యాయులకును ట్యాబులు పంచుట ప్రారంభించెను. తమిళనాడు ప్రభుత్వము 2024లో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు ట్యాబు లిచ్చెను. తెర పెద్దదైనందున చదువు సులభమగునని అందరును తలంతురు. కాని ఆ తెరపై తెరచుకొను యాపు ఫోను కొరకు మాత్రమే కుట్టిన చొక్కా వంటిదైనచో ఆ పెద్దతనము పిల్లవానికి ఉపకరింపదు. ఒక్కొక్కప్పుడు అపకారమును చేయును. ఆ అపకారము ఎట్టిదో, ఏల కలుగునో, దానిని ఎట్లు గుర్తింపవలెనో వివరించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. తెర కొలతలు

మొదట కొలతలు చూతము. తెరను మూలనుండి మూలకు కొలుతురు. 6.5 అంగుళముల ఫోను, నిడివి వెడల్పులు 20:9 నిష్పత్తి గలది, సుమారు 2.67 అంగుళముల వెడల్పును, 5.93 అంగుళముల నిడివియు కలిగియుండును. 10.1 అంగుళముల ట్యాబు, 16:10 నిష్పత్తి గలది, నిలువుగా పట్టుకొన్నచో 5.35 అంగుళముల వెడల్పును, 8.56 అంగుళముల నిడివియు గలది. తెలుగు ప్రచురణకర్తలకు చిరపరిచితమైన డెమ్మీ సైజు పుస్తకపు పుట ఇంచుమించుగా ఇంతే. అనగా ట్యాబు తెర సహజముగనే పుస్తకపు పుట. ఫోను తెర జేబు కాగితము. వైశాల్యమున ట్యాబు ఫోనునకు రమారమి మూడు రెట్లు.

ఇక రెండవ కొలత, తెరపై నుండు చుక్కల సంఖ్య. తక్కువ వెలకు దొరకు అనేక ఫోనులలో 720 అడ్డముగను, 1600 నిలువుగను చుక్క లుండును, మొత్తము 11,52,000. 1200, 1920 చుక్కలు గల ట్యాబులో మొత్తము 23,04,000. వైశాల్యము మూడు రెట్లు పెరుగగా చుక్కలు రెండు రెట్లే పెరిగినవి. అందుచేత ఫోనులో అంగుళమునకు సుమారు 270 చుక్కలుండగా ఈ ట్యాబులో 224 మాత్రమే. పెద్ద తెర యెల్లప్పుడును తేటయైన తెర కాదను సంగతి ఈ లెక్కవలన తేలుచున్నది.

చుక్కల సాంద్రత తెరతెరకు మారును గనుక ఆండ్రాయిడ్ పద్ధతిలో యాపులు వ్రాయువారు చుక్కలతో కాక ఒక ఊహామానముతో కొలుతురు. అంగుళములో 160వ వంతు ఒక ప్రమాణము. దీని ననుసరించి వెడల్పు 600 ప్రమాణములకు లోపలనున్న తెర ఇరుకైనది. 600 మొదలు 840 వరకు మధ్యరకము. 840కి పైబడినది విశాలము. ఫోను నిలువుగా నున్నప్పుడు మొదటి తరగతిలో చేరును. పది అంగుళముల ట్యాబు అడ్డముగా నున్నప్పుడు మూడవ తరగతిలో చేరును. ఒకే యాపు ఈ మూడు తరగతులకును మూడు విధములుగా తన్ను తాను సర్దుకొనవలెను. సర్దుకొననిచో కలుగు వికారములే ఇచ్చట ప్రస్తుతము.

2. చిక్కు వచ్చిన విధము

2010 ఏప్రిల్ 3వ తేదీన ఆపిల్ సంస్థ ఐప్యాడ్‌ను విడుదల చేసినది. దాని తెర 1024, 768 చుక్కలది. అప్పటికే ఐఫోను కొరకు వ్రాసిన యాపులన్నియు 320, 480 చుక్కల చిన్న తెరకు తగినవి. వానిని పారవేయుట యిష్టములేక ఆ సంస్థ రెండు మార్గముల నిచ్చెను. మొదటిది, యాపును ఉన్న పరిమాణమున తెర నడుమ నిలుపుట. అప్పుడు 7,86,432 చుక్కలలో 1,53,600 మాత్రమే వినియోగమగును; ఐదవ వంతు కన్న తక్కువ. రెండవది, ఒక్కొక్క చుక్కను నాలుగు చుక్కలుగా చేసి చూపుట. అప్పుడు తెర చాలవరకు నిండును గాని అక్షరముల అంచులు మెట్లు మెట్లుగా కనబడును.

ఆండ్రాయిడ్ మార్గమున 2011 ఫిబ్రవరిలో వచ్చిన 3.0 ట్యాబుల కొరకే రూపొందినది. అదే సంవత్సరము జూలైలో వచ్చిన 3.2లో, తెర వెడల్పునుబట్టి వేరువేరు అమరికలు వ్రాయుటకు వీలు కల్పింపబడినది. అనగా సాధనము నాటినుండియు ఉన్నది, వాడుకయే కొరవడినది. ఇందుకు కారణము స్పష్టము. ఫోనులు అనేకము, ట్యాబులు కొన్ని. యాపు వ్రాయువారు ఎక్కువమంది చూచు తెరనే మొదట తలతురు. రెండవ అమరికకు మరల శ్రమ, మరల పరీక్ష, మరల వ్యయము. ఇది చిన్న సంస్థల లోపము మాత్రమే కాదు. 2010లో వెలువడిన ఇన్‌స్టాగ్రామ్ ఐప్యాడ్ కొరకు ప్రత్యేకరూపమును 2025 సెప్టెంబరులో గాని ఇవ్వలేదు. వాట్సాప్ కూడ 2025 మే నెలలోనే ఐప్యాడ్ రూపమును పొందినది. ప్రపంచమున కోట్లాది జనులు వాడు యాపులకే పదునైదేండ్లు పట్టగా, కొలదిమంది పిల్లల కొరకు వ్రాయబడు తెలుగు పాఠముల యాపు వెనుకబడుట వింత గాదు.

3. వికారములు మూడు విధములు

మొదటిది నల్లని అంచుల వికారము. నిలువుగా మాత్రమే పనిచేయునట్లు వ్రాసిన యాపును ట్యాబు అడ్డముగా నుండగా తెరచినచో, అది నడుమ సన్నని పట్టీగా నిలిచి ఇరుప్రక్కల నలుపు మిగులును. 1920 చుక్కల వెడల్పు, 1200 చుక్కల ఎత్తు గల తెరపై 16:9 నిష్పత్తిలో యాపు నిలిచినచో దానికి లభించు వెడల్పు 675 చుక్కలే. నూటికి 35 వంతులు యాపు, 65 వంతులు చీకటి. వేలూరి కోట చుట్టు నగడ్త కలదు. అది కోటను కాపాడుటకు త్రవ్వినది. ఈ నల్లని అగడ్త దేనిని కాపాడుటకును గాదు. అయినను మూడింటిలో ఇదియే తక్కువ హానికరము; అక్షరము చిన్నదైనను దాని ఆకారము చెడదు.

రెండవది సాగదీత. యాపు తెర నిండుగా పరచుకొనును గాని అమరిక ఫోనుదే. ఒక మీట తెర ఈ చివరనుండి ఆ చివరకు సాగును. ప్రశ్న ఎడమ అంచున, జవాబు గురుతు కుడి అంచున నిలుచును; నడుమ జానెడు ఖాళీ. ముఖ్యముగా చెడునది వాక్యపు పంక్తి. ఉదాహరణమునకు, ఫోనులో పంక్తికి 20 అక్షరములు పట్టినచో, అదే అక్షర పరిమాణముతో ట్యాబు నిలువుగా నున్నప్పుడు 40, అడ్డముగా నున్నప్పుడు 64 అక్షరములు పట్టును. పంక్తి అంత పొడవైనచో చివరకు పోయిన కన్ను మరుసటి పంక్తి మొదలును తప్పును. చదివిన పంక్తినే మరల చదువును. వార్తాపత్రికలు విశాలమైన కాగితమును కాలములుగా విభజించుట ఈ కారణము చేతనే. తాటియాకు పొడవైనది గనుక అందు పంక్తులు పొడవుగా సాగినవి. ఆ గ్రంథములే అచ్చుపుస్తకములైనప్పుడు పంక్తులు పుటకు తగినట్లు మారినవి. ఆకు మారినప్పుడు అమరిక మారవలెనను నియమము క్రొత్తది గాదు.

మూడవది పెంపు. యాపు తన్ను తాను సర్దుకొనక, ఉన్న బొమ్మనే పెద్దది చేసి చూపుట. 720 చుక్కల వెడల్పునకు సిద్ధపరచిన బొమ్మను 1200 చుక్కలకు పెంచినచో మూలములోని ఒక్కొక్క చుక్క దాదాపు మూడు చుక్కల చోటును నింపవలసివచ్చును. లేని వివరము ఎక్కడినుండియు రాదు, అంచులు మసకబారును. గుడియాత్తము లుంగీల నేతకు పేరుపడిన ఊరు. అచ్చటి నేతవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. తువ్వాలును ఇరువైపుల పట్టి లాగినంతమాత్రమున లుంగీ కాదు. పోగులు ఎడమై అవతలిది కనబడును. వెడల్పు కావలసినచో పడుగు పోగులను మరల లెక్కించి మగ్గముపై ఎక్కింపవలెను.

అక్షరముల విషయమున ఒక భేదము గమనింపదగినది. ఫాంటులోని అక్షరము చుక్కల బొమ్మ గాదు, గీతల వర్ణన. యాపు దానిని అక్షరముగానే వ్రాసినచో ఎంత పెంచినను తేటగానే యుండును. కాని పాఠ్యపుస్తకపు పుటను బొమ్మగా తీసి యాపులో నతికించినచో అందలి అక్షరములు బొమ్మతోపాటు మసకబారును. తెలుగు పాఠముల యాపులలో ఈ బొమ్మల పద్ధతి వాడినచోట ట్యాబు పెద్దదైనకొలదియు అక్షరము చెడును.

4. తెలుగు లిపికి ప్రత్యేకమైన హాని

పైన చెప్పినవి ఏ భాషకైనను కలుగునవి. తెలుగునకు మరియొక చిక్కు కలదు. ఆంగ్లాక్షరములు ఒకదాని ప్రక్క నొకటి నిలుచును. తమిళమునను హల్లుపై పుల్లి యను చుక్కనుంచి తరువాతి హల్లును ప్రక్కనే వ్రాయుదురు. తెలుగున రెండవ హల్లు ఒత్తుగా క్రిందికి దిగును. 'స్త్రీ' అను ఒక్క అక్షరమున స, త, ర అను మూడు హల్లులు, రెండు పొల్లు గురుతులు, ఒక గుణింతపు గురుతు, వెరసి ఆరు సంకేతములు కలవు. యంత్రము ఈ ఆరింటిని గ్రహించి, తలపై గుడిదీర్ఘమును, క్రింద రెండు ఒత్తులను సరియైన చోట కూర్పవలెను. ఈ కూర్పు సామాన్యమైన పని గాదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను అక్షరమునకు సంబంధించిన ఒక సంకేతవరుస ఐఫోనులలోను ఐప్యాడ్‌లలోను యాపులను ఆపివేయగా, ఆపిల్ సంస్థ ఆ నెలలోనే 11.2.6 అను సవరణను విడుదల చేయవలసివచ్చినది.

ఈ హేతువుచే తెలుగు పంక్తికి ఆంగ్ల పంక్తికన్న ఎక్కువ ఎత్తు కావలెను. యాపు వ్రాసినవారు మీటలకును, జవాబు పెట్టెలకును ఆంగ్లమును దృష్టిలో నుంచుకొని ఎత్తును స్థిరముగా నిర్ణయించి, ట్యాబునందు అక్షరమును మాత్రము పెద్దది చేసినచో, పెట్టె పెరుగదు, అక్షరము పెరుగును. క్రింది ఒత్తు తెగిపోవును. తెగిన చోట ఏమగునో చూడుడు. 'ఎద్దు' 'ఎదు' అగును; 'అక్క' 'అక' అగును; 'పళ్ళు' 'పళు' అగును. తెలుగు బాగుగా చదువనేర్చిన పెద్దలు సందర్భమునుబట్టి సరిదిద్దుకొందురు. పది పలకలపై, పది పత్రికలలో అదే పదమును చూచిన పిల్లవాడును సరిదిద్దుకొనును. గుడియాత్తములో తెలుగు ఓనమాలు నేర్చుచున్న పిల్లకు ఆ అవకాశము లేదు. ఆమె చుట్టునున్న అచ్చు తమిళము. తమిళమున ఒత్తు క్రిందికి దిగదు. ఆమె చూచిన తెలుగు పుట ఆ తెర యొక్కటే కావచ్చును. ఆ తెరపై ఒత్తు లేనిచో ఒత్తు లేని పదమే ఆమె మనస్సున నిలుచును. ఉపాధ్యాయుడు పలుకులో చెప్పిన 'ఎద్దు'నకును కంటికి కనబడిన 'ఎదు'నకును పొత్తు కుదరక, తప్పు తనదే యని పిల్ల తలంచును. ఇది సౌందర్యమునకు సంబంధించిన లోపము గాదు, విద్యకు సంబంధించినది.

5. వేగమును, జ్ఞాపకమును

రూపము చెడుటతోపాటు పనియు మందగించును. తెరపైని ఒక్కొక్క చుక్క రంగును జ్ఞాపకమున నిలుపుటకు సాధారణముగా 4 బైట్లు కావలెను. పైన చెప్పిన ఫోను తెర నిండుటకు 46 లక్షల బైట్లు చాలును. ట్యాబునకు 92 లక్షలు. తెర కదలిక నునుపుగా కనబడవలెనన్న సెకనునకు 60 పర్యాయములు చిత్రము మారవలెను. ఒక్కొక్క చిత్రమునకు సెకనులో 60వ వంతు వ్యవధియే కలదు. తక్కువ వెల ట్యాబులలోని యంత్రము బలహీనమైనచో, రెండింతల చుక్కలను ఆ వ్యవధిలో నింపలేక తెర తడబడును. పెద్ద బొమ్మల నన్నింటిని ఒకేసారి విప్పు యాపు జ్ఞాపకము చాలక మూతపడుటయు కలదు.

అంతకన్న బాధాకరమైనది తెరను త్రిప్పుటవలన కలుగు నష్టము. ఫోనును ఎక్కువగా నిలువుగనే పట్టుకొందురు. ట్యాబును పిల్లలు మాటిమాటికిని త్రిప్పుదురు. ఆండ్రాయిడ్ పద్ధతిలో తెర దిశ మారినప్పుడు యాపు యొక్క ఆ పుట సాధారణముగా మూయబడి మరల మొదటినుండి నిర్మింపబడును. ఉన్న స్థితిని భద్రపరచుకొను బాధ్యత యాపుదే. నిలువు తెరను మాత్రమే తలచి వ్రాసిన యాపు ఆ జాగ్రత్త తీసికొననిచో, ఎనిమిది ప్రశ్నలకు జవాబులు గురుతించిన పిల్ల ట్యాబును ఒడిలో సర్దుకొన్నంతనే మొదటి ప్రశ్న మరల ఎదుట నిలుచును. కీబోర్డు విషయమును చెప్పవలెను. ట్యాబు అడ్డముగా నున్నప్పుడు కీబోర్డు పైకి వచ్చినచో తెర క్రిందిభాగమును చాలవరకు ఆక్రమించును. యాపు పుటను పైకి జరుపనిచో జవాబు వ్రాయు పెట్టె దాని క్రింద మరుగుపడి, పిల్ల గ్రుడ్డిగా వ్రాయవలసివచ్చును.

6. సరియైన అమరిక

విశాలమైన తెరకు విశాలమైన అమరిక ఎట్లుండవలెనో తెలుగు పుస్తకములే నేర్పుచున్నవి. పద్యము, దాని ప్రతిపదార్థము, తాత్పర్యము — వీనిని ఫోనులో ఒకదాని క్రింద నొకటి చూపక తప్పదు. ట్యాబునందు ఎడమప్రక్క పద్యమును, కుడిప్రక్క ప్రతిపదార్థమును ఉంచవచ్చును. పిల్ల పద్యమును విడువక అర్థమును చూడగలదు. పాఠము ఎడమను, ప్రశ్నలు కుడిని ఉండవచ్చును. పంక్తికి ఒక హద్దు విధించి మిగిలిన చోటును అంచులుగా విడువవలెను. పెట్టెల ఎత్తును ముందుగా నిర్ణయింపక, లోనున్న అక్షరమునుబట్టి పెరుగనీయవలెను. తెర త్రిప్పినను జవాబులు నిలువవలెను.

గూగుల్ సంస్థ 2022 మార్చిలో పెద్ద తెరల కొరకై ఆండ్రాయిడ్ 12ఎల్ అను రూపమును విడుదల చేసినది. 2025 జూన్‌లో వచ్చిన ఆండ్రాయిడ్ 16లో మరియొక అడుగు పడినది. ఆ రూపమునకు తగినట్లు సిద్ధపరచిన యాపులు, ఆటలు తప్ప, 600 ప్రమాణములకు తగ్గని తెరపై 'నిలువుగా మాత్రమే' యను నిబంధనను విధించినను ఆ నిబంధన సాధారణముగా పాటింపబడదు. యాపు తెర నంతటిని నింపవలెను. ఇది మంచి మార్పే. కాని దీనివలన నల్లని అంచులు పోవును గాని చక్కని అమరిక తనంతట రాదు. శ్రద్ధ లేనిచోట మొదటి వికారము రెండవ వికారముగా మారును, అంతియే.

7. పరీక్షించు విధము

ఒక తెలుగు యాపును పిల్లలకు ఇచ్చుటకు ముందు పెద్దలు ఈ క్రింది పరీక్షలను తామే చేయవచ్చును. ఇందుకు యంత్రవిద్య అక్కరలేదు.

ఒకటి: 'ఎద్దు, అక్క, స్త్రీ, ఉష్ట్రము, జ్ఞానము' వంటి పదములున్న పుటను తెరచి, ఒత్తులు పూర్తిగా కనబడుచున్నవో లేదో చూడవలెను. రెండు: ట్యాబు సెట్టింగులలో అక్షర పరిమాణమును ఒక మెట్టు పెంచి, ఆ పుటనే మరల చూడవలెను, మీటల మీది పదములను ముఖ్యముగా చూడవలెను. మూడు: రెండు జవాబులు గురుతించి ట్యాబును అడ్డముగా త్రిప్పి, జవాబులు నిలిచినవో లేదో చూడవలెను. నాలుగు: అడ్డముగా నుండగా ఒక పేరాను బిగ్గరగా చదివించి, పంక్తి మారునప్పుడు పిల్ల ఎన్నిసార్లు తడబడునో గమనింపవలెను. ఐదు: కీబోర్డు తెరచియుండగా వ్రాయుచోటు కనబడుచున్నదో లేదో చూడవలెను.

పరీక్షలో తప్పిన యాపునకు బదులు వేరొకటి లేనప్పుడు కొన్ని ఉపాయములు కలవు. చదువునప్పుడు ట్యాబును నిలువుగనే పట్టి, దిశ మారకుండ బిగించుట మొదటిది. పంక్తి కుదురుకొనును, జవాబులు చెదరవు. తెరను రెండుగా చీల్చు వసతిని వాడి, యాపును ఒక సగమునకు పరిమితము చేయుట రెండవది. ఫోను కొరకు వ్రాసిన యాపునకు ఫోనంత చోటు దొరకి, అమరిక చక్కబడును, రెండవ సగమున నిఘంటువును తెరచుకొనవచ్చును. అయితే అన్ని యాపులును ఇందుకు అంగీకరింపవు. ఆ సంస్థకే వెబ్‌సైటు ఉన్నచో దానిని బ్రౌజరులో చూచుట మూడవది. పాఠ్యపుస్తకపు పీడీఎఫ్ లభించినచో నిలువుగా పట్టిన ట్యాబే దానికి తగిన పీట. పుట యావత్తు ఒకేసారి కనబడును. ఒత్తు తెగు యాపును మాత్రము, ఎంత ఆకర్షణీయమైనదైనను, ఓనమాలు నేర్చు వయస్సు పిల్లలకు ఇవ్వరాదు.

ఈ ఉపాయములు తాత్కాలికములు. లోపమును తీర్పవలసినవారు యాపును వ్రాసినవారే. తెగిన ఒత్తు గల తెర ఫొటోను తీసి, ట్యాబు పేరును, అక్షర పరిమాణమును వ్రాసి వారికి పంపినచో, సరిదిద్దుట వారికి పెద్దపని గాదు. పెట్టె ఎత్తును విడిచిపెట్టుట ఒక్క పూట పని కావచ్చును. వారికి తెలియజేయువారు లేకపోవుటయే ఆలస్యమునకు ప్రధాన కారణము. తెలుగు నాట ఉన్నవారికి ఒక యాపు చెడినను పుస్తకము, పత్రిక, వీధిపలక కలవు; వారు ఫిర్యాదు చేయకున్నను నష్టము కొద్ది. సరిహద్దు కీవలనున్న తెలుగువారికి ఆ భాగ్యము లేదు గనుక, గమనించుటయు, వ్రాసి పంపుటయు వీరి వంతు. వేలూరు, గుడియాత్తము ప్రాంతములలోని తెలుగు సంఘములు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసి తెలుగు పాఠముల యాపులను పై అయిదు పరీక్షలకు లోబరచి, ఫలితముల పట్టికను ఏటేటను ప్రకటించినచో, అది ఇచ్చటి పిల్లలకే గాక బెంగుళూరు, హోసూరు, చెన్నపట్టణముల తెలుగు పిల్లలకును ఉపయోగపడును.